రన్ ఔట్

రాయదుర్గంలో, జీన్సు కుట్టే షెడ్డు పైన రేకుల గది.
రాత్రి ఎనిమిదికి కింద మిషన్లు ఆగుతాయి,
ఎనిమిదింబావుకు పైన నా ఇంగ్లీషు మొదలవుతుంది.
పదకొండు మంది. చేతులనిండా నీలం.
నోటుబుక్కు అంచులకు కూడా ఆ నీలమే, వేలిముద్రలుగా.

ఆ రోజు బోర్డు మీద రాసినాను: రన్ ఔట్.

వన్నూరప్ప చెయ్యెత్తలేదు, లేచి నిలబడినాడు.
"ఇది నాకు తెలుసు సార్. అవతలోడు వద్దు వద్దంటున్నా
ఇవతలోడు ఉరికితే అయ్యేది."
గదంతా నవ్వింది. నేనూ నవ్వి, పక్కన 'ఆఫ్' చేర్చినాను.
ఇప్పుడు చూడప్పా, ఉరికేదేమీ లేదు.
ఉన్నది అయిపోవడం, అంతే.
బాబిన్‌లో దారం అయిపోతాదే, అది.

బాబిన్ అనేసరికి అందరికీ తెలిసిపోయింది.
పైదారం ఉంటుంది, సూది దిగుతూనే ఉంటుంది,
గుడ్డ ముందుకు పోతూనే ఉంటుంది,
మూరెడు పోయినాక తిప్పి చూస్తే
కుట్టు లేదు, వట్టి బెజ్జాలు.
మొలకాల్మూరు నుంచి వచ్చే శాంతవ్వ
'ముగీతు' అని కన్నడంలో గొణుక్కుంటూ రాసుకునింది.

హనుమక్క మాత్రం ఒప్పుకోలేదు.
యాభై దాటిన మనిషి, కాజాలు కుట్టే చెయ్యి.
"అయిపోయిందనే మాట దీపాలు పెట్టినాక అంటారా సార్?
మా అత్త అయితే నోటి మీద కొట్టేది.
బియ్యం నిండుకున్నాయనాల. ఉప్పు నిండుకునిందనాల.
దీపం ఆరిపోయిందంటామా? కొండెక్కిందంటాం.
ఆ ఇంగ్లీషోళ్ళకు అడ్డం చెప్పే అత్తల్లేరేమో."

నా దగ్గర జవాబు లేదు.
డబ్బా అడుగు గోకిన చప్పుడుకు
నిండు అని పేరు పెట్టినవాళ్ళ ముందు
సుద్దముక్క పట్టుకుని నిలబడినాను.
ఉదాహరణ కావాలి కాబట్టి నాదే ఒకటి చెప్పినాను:
మార్చితో నా డీఎస్సీ వయసు రన్ ఔట్.
"నిండుకునింది అను సార్," అనింది, నవ్వకుండా.

మరుసటి రోజు వాక్యాలు తెచ్చినారు.
డేటా రన్ ఔట్. గ్యాసు రన్ ఔట్.
తిప్పేస్వామిది: శనివారం వస్తే మా ఓనరుకు చిల్లర రన్ ఔట్.
రత్నమ్మది తప్పనుకుని ఎర్రగీత పెట్టబోయినాను:
మా అమ్మ చెప్పుల్లేకుండా రన్ ఔట్.
"ట్యాంకరొచ్చింది సార్, బిందె తీసుకుని ఉరికింది."
చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అదీ ఒక అర్థమే,
నేనే మొదట చెప్పి ఉండాల్సింది.

మాబున్ని బుక్కు అన్నిటికన్నా అడుగున ఉంది.
ముందు రోజు నా డిక్షనరీ అడిగి తీసుకపోయింది.
'ఆఫ్' కిందున్న 'ఆన్' నేను చెప్పలేదు,
ఆమే వెతుక్కునింది.
రెండే వాక్యాలు, కాజా కుట్ల మాదిరి దగ్గర దగ్గరగా:

హీ ర్యాన్ ఔట్ ఆన్ అస్.
ద రైస్ డిడ్ నాట్ రన్ ఔట్.

గుడ్డ తానులు తెస్తానని బళ్ళారికి పోయిన మనిషి
రెండేండ్లుగా తిరిగి రాలేదని షెడ్డులో అందరికీ తెలుసంట,
నాకే ఎవరూ చెప్పలేదు.
దీన్ని మన తట్టు ఏమంటారని హనుమక్కను అడిగినాను.
ఆమె చాలాసేపు ఆలోచించింది.
వేలికున్న తొడుగు తీసి మళ్ళీ పెట్టుకునింది.
దానికి మాత్రం అత్తలు మంచిమాట ఏదీ
దాచిపెట్టలేదంట.

తప్పులేమీ లేవు. టిక్కు పెట్టబోయినాను.
పెన్ను సగంలో ఆగింది, గీకినా సిరా పడలేదు,
కాగితం మీద రంగులేని నొక్కు.
మాబున్ని తన పెన్ను మూత తీసి ఇచ్చింది.
"నిండుకునిందా సార్?"