ఏటవాలు లెక్క

మున్సిపల్ ఆఫీసు మీది అంతస్తుల
గోడకు కొత్త నక్ష వేలాడదీసిన్రు.
మా అచ్చంపేట పక్కన ఏదుల గుట్ట
పసుపు రంగుల ఉన్నది.
పోయినేడు ఆకుపచ్చ ఉండె.
పసుపంటే ఇండ్లు కట్టుకోవచ్చని
కుర్చీల కూసున్నోళ్లకు ముందే తెలుసు,
నిలబడ్డోళ్లకు చెప్పవలసొచ్చింది.

నన్నెవరూ పిలువలే.
నేను మాసన్నను, రిటైరైన చైన్‌మన్‌ను.
ముప్పై మూడడుగుల గొలుసుకు
ఆ కొసన సర్వేయర్లు మారిన్రు,
ఈ కొసన నేనే.
ఫ్యాను కింద జాగ దొరికిందని కూసున్న.

కౌన్సిలర్ పేరు పర్వతాలు.
"డిగ్రీ కాలేజీ ఏడ కట్టాలె, ఆకాశంలనా?"
కాదనలేని మాట.
మా మనుమరాలు కల్వకుర్తి దాకా
బస్సుల నిలబడి పోయొస్తది,
రాత్రి కాళ్లకు నూనె రాసేది నేనే.

కేతావత్ సాలి లేచింది.
"మా చిన్నోడు నలభై గంపల సీతాఫలాలల్ల
ఇంటర్ చదివిండు.
చిన్నదానికి ఇంకా గంపలు కావాలె"
అని కూసున్నది. అంతే మాట్లాడింది.

వడ్డె దుర్గప్పకు గుట్ట పగలాలె,
పగిల్తెనే పొయ్యి అంటుకుంటది.
"అయితే తూర్పు దిక్కు ముట్టకున్రి,
అటు బండ మీద సుత్తె వేస్తె
చప్పుడు తడిగ వస్తది. కింద ఊట ఉన్నది."
ఇంజనీరు ఆ మాట రాసుకోలే.
తడి చప్పుడుకు ఏ గడి లేదు కాగితంల.

సుహాసిని టీచర్ గుట్ట కింద
నూటయాభై గజాలు కొన్నది.
మొన్నటి వానకు ఎర్రమన్ను వంటింట్ల దాకా వచ్చిందట.
"కిస్తులు ఇంకా ఏడేండ్లున్నయి.
నేను ఎవరి దిక్కు మాట్లాడాల్నో
నాకే తెలుస్తలేదు సార్."

వెంచరాయన అందరికీ కూల్‌డ్రింకులు తెప్పిచ్చిండు.
హిల్ వ్యూ అని బోర్డు ఆయనదే.
"గుట్ట కొట్టినంక వ్యూ ఏంది సేటూ?"
ఎనుకనుంచి ఎవరో అన్నరు.
అందరం నవ్వినం, ఆయన కూడా.

అప్పుడు చదివిన్రు గుట్ట విస్తీర్ణం:
అరవై మూడెకరాల పదకొండు గుంటలు.
సగం కాలేజీకని ఒకరు, మూడో వంతు తోటకని ఒకరు,
ఆ అరవై మూడునే
రొట్టె తీరు తుంచుకుంటున్నరు.

నాకు గొంతు ఎండింది.
ఆ ఎండకాలం సర్వేయర్ సారుకు బీపీ.
సగం గుట్ట ఎక్కి తునికి చెట్టు నీడకు కూలవడ్డడు.
"మీదికెందుకు మాసన్నా,
ఈ రాళ్లను ఎవడు కొంటడు?"
నుదుటికి చెయ్యి అడ్డం వెట్టి
శిఖరం దిక్కు ఒకసారి చూసి
అరవై మూడు అని రాసిండు.
పదకొండు గుంటలెట్ల సారూ అంటే
"గుంటలు రాయకపోతే నమ్మరు" అన్నడు.
నేను గొలుసు మడత వెట్టిన.

ఇంకొకటి గూడ చెప్పాల్సుండె.
నిజంగ కొలిచినా గుట్టను పండవెట్టే కొలుస్తం.
ఏటవాలుల గొలుసు సదరంగ పట్టి
గుండు దారం కిందికి విడుస్తం.
ఎక్కేది లెక్కకు రాదు.
మేకల అడుగులు, సాలి గంప బరువు,
దమ్ము తీసుకుందామని ఆగిన రాయి,
ఇవన్నీ ఏ పహాణీల లేని భూమి.
అది ఎంతుంటదో ఎవరూ అడగలే.

లేచి చెయ్యెత్తిన.
కూల్‌డ్రింకుకనుకోని అటెండర్ ఒక సీస ఇచ్చిండు.
ఎడమ చేత సీస పట్టుకోని
కుడి చెయ్యి అట్లనే ఉంచిన.

అదే గడియల తీర్మానం చదివి
"ఒప్పుకునేటోళ్లు చేతులెత్తున్రి" అన్నరు.
చేతుల నడుమ నా చెయ్యి.
కమిషనర్ కుర్చీల నుంచి లేవలే.
కండ్లద్దాలు పైకి జరిపి
ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకసారి చూసి
అంకె వేసుకున్నడు.