కాషన్ ఆర్డర్

ముప్పై నాలుగేండ్లు కీమాన్‌గ చేసిన.
కాజీపేట యార్డు దాటినంక ఆరు కిలోమీటర్లు నా బీటు.
భుజం మీద పానా, చేతిల సుత్తె,
పట్టాను కొట్టి చెవి పెట్టుడే కొలువు.
మంచి ఇనుము గంట లెక్క పలికేది,
లోపల పర్రె పడ్డది
పగిలిన కుండ లెక్క దగ్గేది.

ఇప్పుడు అరవై మూడు.
పొద్దుగాల ఐదింటికి వడ్డేపల్లి చెరువు కట్ట మీద
బూట్ల లేసులు ముడేసుకుంట
మోకాలును గట్లనే తడుత:
ఏమంటవే ఇయ్యాల?

పోయిన చలికాలం అడగనే లేదు.
వెనక నుంచి ఒక పిలగాడు
"తాతా, జర పక్కకు" అన్నడు.
గా ఒక్క మాటకు
డ్యూటీల రాజధానిని చూసిన కాళ్లు
రాజధానే అయినయి.
రెండు వందల గజాలు.
పిక్కల ఏదో టప్పుమన్నది,
మంచం నులక తెగినట్టు.
కట్ట మీద కూలబడ్డ.
గా పిలగాడే తిరిగొచ్చి స్కూటీ మీద ఇంట్ల దించిండు.
తొవ్వ పొడుగున తాతా తాతా అనుకుంటనే!

అనసూయ తలుపుకాడ నిలబడి చూసింది.
"రైలుకేమో ఎర్రజెండ పడితివి,
నీకు నువ్వు పట్టుకోకపోతివి" అని
ఉప్పు కాపడానికి నీళ్లు పెట్టింది.

నయీంనగర్ల షాహీన్ మేడం
నా బిడ్డ కన్న చిన్నది.
మెట్టు అంచు మీద మునివేళ్ల మీద నిలబెట్టి,
"మడిమెలు మెల్లగ కిందికి దించుండ్రి సార్,
ఇంకా మెల్లగ.
ఎక్కుడు కాదు, దిగుడే మందు" అన్నది.
పదిహేను సార్లు దిగేసరికి
చెమటకు బనీను ఒంటికంటుకున్నది.
ఉరికినప్పుడు గూడ గంత రాలే.

కొత్తల కొలువుల చేరినప్పుడు
రెండు పట్టాల నడుమ సందు చూసి
మేస్త్రి ఐలమల్లును అడిగిన,
"గిది సరిగ అతకలేదే?"
ఆయన బీడీ ఆర్పి నవ్విండు.
"మే నెల రానియ్యిరా,
సందు లేని పట్టా పాము లెక్క వంకరపోతది."

గందుకే ఇప్పుడు
ఒక దినం ఉరుకుత, ఒక దినం ఉరక.
ఉరకని దినం సైకిలేసుకొని కూరగాయలకు పోత,
ఇంటికొచ్చి గోడకు వీపానించి
లేని కుర్చీల కూసుంట.
అనసూయ లెక్కపెడతది,
నలభై దగ్గర కావాలనే తప్పుతది,
మల్ల ముప్పై నుంచి మొదలు.

ఇయ్యాల సుత్తె లేకుండనే తట్టిన.
కుడి మోకాలు పలికింది.
ఎడమది జర బొంగురుగ.
ఆగుమనలే,
నెమ్మది అన్నది.

మంచుల చెరువు ఇంకా తెల్లారలే.
అవతల ఏదో గూడ్సు కూసింది,
సిగ్నల్ దొరకలేదేమో.
గా పిలగాడు దాటిపోతుండు.
"బాగున్నవా తాతా?"
చెయ్యి ఎత్తిన, అడుగు పెంచలే.

మూడు కిలోమీటర్లకు ఆగి
రెండు బుక్కల నీళ్లు తాగిన.
నాలుగోది ఉరకబుద్దయితున్నది, అబద్ధమెందుకు.
రేపు కాదు, ఎల్లుండి చూస్త.
కట్ట యాడికి పోతది?