పదమూడు అంగుళాలు

లియెక్సాలో అక్టోబరు. కొట్టు గడప మీద అప్పుడే మంచు పొడి.
"దుంగ ఎంత లావు?" అడిగాడు ఆర్వో.
హిల్కా చేతులు చాపింది,
గుమ్మడికాయ పట్టుకున్నట్టు.
ఆలోచించి, కాస్త దగ్గరికి జరిపింది.

"బ్లేడు దుంగకన్నా రెండంగుళాలు ఎక్కువుంటే చాలు.
ఆపైనదంతా మోత."

ఇంట్లో ఇరవై అంగుళాల రంపం ఉంది,
తమ్ముడు ఒలావిది. అడవి కాంట్రాక్టులు చేసేవాడు.
ఎత్తితే ముందు భుజం మాట్లాడుతుంది,
తర్వాత నడుము అందుకుంటుంది.
పోయినేడు సగం కోతలో ఇరుక్కుని
రాత్రంతా చెట్టులోనే ఉండిపోయింది,
ఎవరో కొరికి మరిచిపోయినట్టు.

పదమూడుది చేతికిచ్చాడు.
పాల క్యానుకన్నా తేలిక.
కొట్టు నడుమ నిలబడి
లేని బిర్చ్ దుంగ మీదికి వంగి చూసింది.
అరవై ఏడేళ్ల మోకాళ్లు సరేనన్నాయి.

"మరి గాలివానకి కూలిన ఆ పెద్దది?"
"రెండు పక్కల నుంచీ కొయ్యి. లేదా వదిలెయ్యి."

వదిలేసింది.
సౌనా పొయ్యికి సరిపడా సన్నకట్టె పేర్చాక
ఆ పెద్ద మొద్దు మీదే కూర్చుని
గొలుసుకి ఆకురాయి పెడుతుంది,
పంటికి మూడు రుద్దులు,
మధ్యమధ్య ముక్కు తుడుచుకుంటూ.
ఇరవై అంగుళాలది కొట్టంలో మేకుకి వేలాడుతోంది.
దానిక్కూడా నూనె పూస్తుంది, అలవాటు కొద్దీ.