మెల్లగా దించాలి

నౌరా ఊరి చివర, నేవీ వాళ్ళ రేకుల షెడ్డులో
నలభై అడుగుల బల్ల మీద
పందొమ్మిదేళ్ళుగా పారాచూట్లు మడతపెడుతున్నాను.
నా పేరు డల్సీ.
ఆ పేరు గుడ్డకి అక్కర్లేదు, నా వేళ్ళు తెలుసు దానికి.

మొదట్లో మనుషుల కోసం మడిచేదాన్ని.
ప్రతి మూటలో నా సంతకంతో ఓ చీటీ.
మబ్బుల్లోంచి దిగొచ్చిన కుర్రాడొకడు
కుంటుకుంటూ షెడ్డు దాకా వచ్చి,
ఆ చీటీ చూపించి,
ఏం మాట్లాడాలో తెలీక
అరడజను పీచ్ పళ్ళు బల్ల మీద పెట్టి పోయాడు.

ఇప్పుడు మడిచేవి చిన్నవి.
ఓడ మీంచి క్షిపణి లేస్తుంది,
కురచ రెక్కలు, పొట్టకు హత్తుకున్న టార్పెడో.
మైళ్ళకొద్దీ ఎగిరి
ఎక్కడో నీటి కింద ఊపిరి బిగబట్టినదాని
నెత్తిమీదికి చేరాక పట్టు వదిలేస్తుంది.
అప్పుడు విచ్చుకోవాలి నా గుడ్డ.

మొదటిరోజే చెప్పాడు మెర్విన్:
"ఆ వేగానికి నీళ్ళు కూడా రాయే, డల్సీ.
టార్పెడో ముక్కులో చెవి ఉంటుంది.
చెవి పగిలితే దానికి దారి తెలీదు.
మెల్లగా దించాలి,
నిద్రపోయిన పిల్లని మంచం మీదికి దించినట్టు."

అతనికి పిల్లల్లేరు.
ఆ పోలిక ఎక్కడ నేర్చుకున్నాడో.

క్షిపణి పేరు ఇకారా.
ఈ నేల మీద మాకంటే ముందునుంచీ ఉన్నవాళ్ళ మాట,
విసురుకర్ర అని అర్థమట.
రెక్ బే నుంచి చేపలమ్మడానికొచ్చే ఎల్వీరాని అడిగాను.
"మా మాట కాదది, ఇంకెవరిదో.
అడిగే తీసుకున్నారా?" అని నవ్వి
మల్లెట్ చేప పొట్ట చీల్చింది.

మార్చిలో మా అక్క కొడుకు లయల్ వచ్చాడు.
జలాంతర్గామిలో చెవులొగ్గి కూర్చునే ఉద్యోగం వాడిది.
మూడుసార్లు తలంటుకున్నా డీజిల్ వాసన పోలేదు.
జెర్విస్ బే బయట ఆ వారమంతా వాళ్ళే వేట.
ఉత్తుత్తి టార్పెడోలేలే,
తాకకుండా పక్కనుంచి పోయేట్టు అమర్చినవి.
బంగాళాదుంపల చెక్కు తీస్తూ అడిగాను,
ఏం వినిపిస్తుందిరా అని.

"ఏమీ వినబడదు పిన్నీ, అదే భయం.
ఓడ ఎక్కడో దూరంగా, దాని మానాన అది.
మాకు ఆకాశం లేదు కదా.
ఉన్నట్టుండి పైన టుప్ మని,
సింకులో చెంచా జారినంత చప్పుడు.
ఆ తర్వాత కీచుమంటూ తిరగడం మొదలెడుతుంది
గుండ్రంగా, గుండ్రంగా,
మనింటి నంబరు వెతుక్కుంటున్నట్టు."

"మరి పారాచూట్?"

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.
"లేదు పిన్నీ. నీ గుడ్డ చప్పుడు చెయ్యదు."

మెచ్చుకున్నాడో, నేరం మోపాడో.
పులుసులో ఉప్పు రెండోసారి వేశాను.

సోమవారం మళ్ళీ బల్ల.
ఒక్క తాడు మెలిపడితే చాలు,
గుడ్డ పూర్తిగా విచ్చుకోదు,
ముక్కు పగిలి, చెవి పోయి, తిన్నగా అడుక్కి.
ఎవరికీ తెలీదు.
మెలి పెట్టాను కూడా.
నా వేళ్ళే తిరిగొచ్చి విప్పేశాయి,
ఎవరింట్లోనో వంకర పటం సరిచేసినట్టు.

వీటికి చీటీ అక్కర్లేదన్నది రూలు.
తెచ్చి చూపించేవాళ్ళుండరు మరి.
అయినా ఒకటి రాశాను,
పేరు, తారీకు, సంతకం,
ఆఖరి మడతలోకి తోశాను.

మెర్విన్ చూశాడు.
ఏమీ అనకుండా సీలు వేశాడు.