మాటలోపలి గడ్డిపరక

ఎష్పల్యార్.
ఎతెల్వీనా నోట మొదటి అచ్చు ఎప్పుడూ గొంతులోనే మిగిలిపోతుంది.
బయటికి వచ్చేది
గింజల మీద చెక్కపార జారిన చప్పుడొక్కటే.

సెప్టెంబరు. కొండవాలున నల్లరాతి కళ్లం.
గోనెలు వంచి మొక్కజొన్నలు కుమ్మరించి
అటూ ఇటూ లాగుతూ, ఇదే ఆ క్రియ, అంది.
పుస్తకం మూసెయ్. పార పట్టుకో.

మేం దీన్ని ఆరబోయడం అంటాం.
విత్తనాలైతే చల్లుతాం, దుప్పటైతే పరుస్తాం,
ఎరువైతే చిమ్ముతాం, గుట్టు అయితే పొక్కుతుంది.
పనికో చెయ్యి ఉన్న భాష నాది.
ఆమెది ఒక్క పారతో అన్నీ లాగేస్తుంది.

అన్నీ కాదులే.
పొద్దున రొట్టె మీది వెన్నకి ఆ మాట వాడబోతే
నా చేతిలో చాకు లాక్కుంది.
వెన్నకి 'బర్రార్' అనాలట.
దారికడ్డంగా నిలబడి ఆపడం కూడా బర్రారేనట.
రొట్టెకీ గుమ్మానికీ ఒకే మాట ఎలా సరిపోయిందో
ఆమెకీ తెలీదు,
తెలిసినట్టు భుజాలెగరేసింది.

నడుమ 'పాల్య' ఉంది, చూశావా? ఎండుగడ్డి.
పశువుల కింద గడ్డి విదిలించిన వాళ్లెవరో
చేతిలో పనిని నాలుక మీద వదిలి పోయారు.
పూలవాసన, జ్వరం, ఇల్లంతా పిల్లల బొమ్మలు,
దేన్ని పరిచినా
అడుగున ఓ గడ్డిపరక గుచ్చుకుంటూనే ఉంటుంది.

గింజల మీద కాలు జారి పడ్డాను.
పక్కింటి ఫిర్మీనో గోడ మీంచి కేకేశాడు:
పరుచుకుపోయాడు, నిలువు పొడుగునా!
పడినా అదే మాటట. పరీక్ష తప్పినా అదేనట.
నా మోచేతికంటిన గింజలు దులుపుతూ
కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది ఎతెల్వీనా.
ఆ నవ్వు చివర తమ్ముడి పేరు వచ్చింది.

గౌదేన్సియో.
నిప్పులు చల్లేవాడు అని పిలిచేదట ఊరు,
కుదురు లేనివాళ్లందరికీ అక్కడ అదే పేరు.
పండగ మంటల మీంచి దూకి దూకి
రవ్వ చిల్లు పడని చొక్కా ఒక్కటీ లేదట వాడికి.

ఒక ఆగస్టులో పైన్ చెట్ల కొండ నిజంగానే కాలింది.
అలాంటి మంటకి వేరే మాట, 'అలష్త్రార్',
నేలని కరుచుకుని పాకేది.
మూడు రోజులు పాకింది.
తేనెపెట్టెల్ని తిని, ఫిర్మీనో తండ్రి మేకల దొడ్డిని తిని
చర్చి గోడ దగ్గర ఆరిపోయింది.
నాలుగోరోజు ఇంకొకటి అంటుకుంది:
గౌదేన్సియో సిగరెట్టు.

ఎవరన్నారు? అడిగాను.
ఎష్పల్యో-స, అంది.
దానంతటదే పరుచుకుందని.
అలా అనొచ్చట ఆ భాషలో, కర్త అక్కర్లేదు.
క్రియ వెనక తోకంత 'స' తగిలిస్తే చాలు,
ఊళ్లో నాలుకలన్నీ ఆ పూట నిద్రపోతున్నట్టే.
నవ్వబోయి ఆగాను.
నా భాషకీ ఆ విద్య వచ్చు:
పొక్కింది, పాకింది, గుప్పుమంది.

తమ్ముడు ఉప్పుచేపల ఓడ ఎక్కాడు.
ఏడాదికో ఉత్తరం, రెండే వాక్యాలు:
చలిగా ఉంది. చేపల మీద ఉప్పు చల్లుతున్నాను.
అదే క్రియతో.
ఆ తర్వాత ఉత్తరాలు లేవు.

పొద్దు కొండ దాటింది. మంచు దిగేలోపు పోగు చెయ్యాలి.
దీనికేం మాట?
'జున్తార్'.
అంచుల నుంచి నడుమకి లాగుతూ
రాతిపగుళ్లలో ఇరుక్కున్న గింజల్ని
గోటితో ఒక్కొక్కటే పెకలిస్తూ
తల ఎత్తకుండా చెప్పింది.

రొట్టెల కొట్టు దగ్గర. వరసలో మూడోదాన్ని.
వాడి జేబులో అగ్గిపెట్టె చూశానన్నాను.
అంతే అన్నాను.
అగ్గిపెట్టె వాడి దగ్గర ఎప్పుడూ ఉండేది.

నేను పార గోడకి ఆనించాను.
యాభై ఏళ్లు ఆలస్యంగా వాక్యంలోకి వచ్చిన కర్త
గోనెలో మోచేతిదాకా చెయ్యి దించి
తేమ చూసింది.

ఇంకా పచ్చిగానే ఉన్నాయి, అంది.
రేపు మళ్లీ పరవాలి.