మూడో గీత

బడి కాగితంలో మూడు గీతలుండాయి,
ఇంట్లో మాట్లాడే భాషలు రాయమని.
మామా అరబీ అని రాసింది, ఇంగ్లీషని రాసింది,
మూడో గీత మీద పెన్ను పెట్టి
ఏమో ఆలోచించి తీసేసింది.
నేను పక్కనే కూచోని ఖర్జూరాల్లో గింజలు తీస్తా ఉన్నా.

జాబ్రియాలో ఈ ఇంటికి నేనొచ్చి ఆరేండ్లు.
మిషారి పుట్టి అయిదు.
నాకు నోరు తిరక్క మిసిరీ అన్నా,
పలికినాడు. అంతే, ఆ పేరే నిలిచింది.
పొద్దన్నే మామా బ్యాంకుకి, బాబా పోర్టుకి.
బంగ్లాదేశం డ్రైవరు గేటు దాటి లోపలికి రాడు.
వంటామెది సింహళం, కోపమొస్తేనే మాట్లాడతాది.
దుమ్ము లేసిన దినాల్లో కిటికీలన్నీ మూసి
కందిబ్యాళ్ళు ఏరతా
ఒకటీ రెండూ అనుకుంటా ఉంటే
వాడూ నా ఎనకాలే ఎంచేవాడు.
వాని మొదటి పన్నూ మొదటి మాటా రెండూ నేనే చూసినా.
పన్ను ఫోటో తీసి మామాకి పంపినా.
మాటని పంపల్యా.

బడిలో ఇంగ్లీషు పరీక్ష పెట్టినారు. అయిదుకి ఒకటి.
"అర్థం లేని శబ్దాలు చేస్తున్నాడు" అని టీచరు రాసి పంపింది.
సల్మియాలో మాటల డాక్టరమ్మ దగ్గరికి తీసకపోతే
బ్యాగు పట్టుకోని నేను మూల నిలబడినా.
ఆయమ్మ బొమ్మలు చూపిచ్చింది.
కాకి, అన్నాడు.
చెప్పు, అన్నాడు.
చీమ బొమ్మకి మాత్రం ఏలు ఎనక్కి లాక్కోని
కుడతాది, అన్నాడు.
ఆయమ్మ తల అడ్డంగా ఊపి ఏందో రాసుకుంటాంది.
నా కడుపులో నవ్వు, దాని కింద భయం.
చెప్తే పని పోతాది.
చెప్పకుంటే పిల్లోనికి మాటలు రావంటారు.
నాకొచ్చిన అరబీలో, గోడకి చెప్పినట్టు,
మామా, వాడు అన్నీ సరిగ్గానే చెప్తాండాడు, అన్నా.

కారులో ఎవురమూ మాట్లాడల్యా.
సిగ్నలు కాడ ఆగినప్పుడు అడిగింది మామా,
నీళ్ళని మీరేమంటారు, అని.
చెప్పినా.
పెదాలు కదిలిచ్చి ఒకసారి అనుకోని చూసింది.
పచ్చ లైటు పడినాక,
రేపట్నుంచి ఇంగ్లీషే, అనింది.

రాజంపేట కాన్వెంటులో నా బిడ్డకి
తెలుగు మాట్లాడితే మాటకి రెండు రూపాయలు ఫైను.
ఆ ఫైను గూడా ఈ దినార్లలోదే.
రాత్రిళ్ళు ఫోన్లో నాకు అదే టీచరిప్పుడు:
ఓపెన్ యువర్ మౌత్, మా. మౌతు గాదు, మౌత్.
నేనంటా ఉంటే పడీ పడీ నవ్వుతాది.
నాకు గూడా అయిదుకి ఒకటే ఏసింది.

నిన్న మాపటేళ
ఆటాడి రొప్పుకుంటా వంటింట్లోకి వచ్చినాడు.
తలుపు దగ్గరికి ఏసినాడు,
అటు చూసినాడు, ఇటు చూసినాడు,
నన్ను వంగమని చెయ్యి గుంజి
చెవులో, ఓబులమ్మా, నీళ్ళు, అన్నాడు.

గ్లాసు నిండా పోసిచ్చినా.
వాటర్, అన్నా గట్టిగా,
హాల్లోకి ఇనపడేటట్టు.