రెండంచులు

మోండా మార్కెట్ మూల మలుపుల
సాన చక్రం తొక్కబట్టి ముప్పై ఒక్క ఏండ్లు.
కసాయి కత్తులు, దర్జీ కత్తెరలు,
పనసకాయ కోసే కొడవలి,
ఇనుము ఏదైనా సరే చెవి దగ్గర మీటి చూస్తే
దానికి ఎంత ఆకలున్నదో నాకు చెప్తది.

మే నెల. నడినెత్తిన ఎండ.
ఒక పోరి తువ్వాలల చుట్టి బూట్లు తెచ్చింది,
బూట్ల కింద కత్తులు.
"కాకా, వీటికి సాన పడతవా?
మా మిషన్ కాలిపోయింది. ఎల్లుండి సెలక్షన్."
ఏం సెలక్షన్ బిడ్డా?
"ఐస్ హాకీ. ఇండియా జూనియర్ టీం."
పక్క బండి మీద యాదగిరి
నవ్వలేక గోలీసోడా అంగీ మీద పొంగిచ్చుకున్నడు.

నాకు ఎరుకైన ఐసు
రాంనగర్ల ఊక కప్పుకొని పండే ఐసు,
బొచ్చె చేప కండ్ల మీద కరిగే ఐసు,
ఎండాకాలం చావుకు
శవం చుట్టూ పేర్చే ఐసు.
దాని మీద ఉరుకుతరా ఎవరన్న?

తబిత ఆమె పేరు. లాలాగూడ రైల్వే క్వార్టర్లు.
బ్లేడు మీద వేలు పెట్టి చూపింది:
"ఒక అంచు కాదు కాకా, రెండు.
నడుమ సన్నటి వాగు లెక్క పల్లం ఉండాలె.
ఇటు ఒరిగితే ఇటు మలుపు,
అటు ఒరిగితే అటు.
చదునైందా, ఇగ పడుడే."
మా తాత రాయికి ఒక్క అంచే తెలుసు.
దాని మూలను గుండ్రంగ చెక్కి
రాత్రి పదకొండు దాక కూసున్న.
నిప్పురవ్వలు లేచి లేచి
మంచు మీదికి పోవాల్సిన ఇనుము మీదనే పడ్డయి.

ఆగలేక చూడబోయిన.
కొండాపూర్ మాల్, నాలుగో అంతస్తు,
పెండ్లి మంటపమంత జాగ.
పుట్టినరోజు పిల్లలంతా పోయినంక
అర్ధరాత్రి వీళ్ల వంతు.
"పాస్ మార్ యారో!" అని అరుపులు,
చెక్కకు తగిలిన నల్లబిళ్ల చప్పుడు.
గోలు కాసే సర్ఫరాజ్ బోరబండోడు,
కాళ్లకు కట్టుకున్నవి
వాళ్ల అబ్బా కుట్టిన పరుపు ముక్కలు.
కోచ్ స్టాన్జిన్‌ది లద్దాఖ్.
ఇక్కడి ఎండకు ఆయన ముక్కుల నెత్తురొస్తది,
అక్కడి చలికి వీళ్ల ముక్కులల్ల.

నేనున్నప్పుడే కరెంటు పోయింది.
జనరేటర్ మాల్‌కే గని మంచుకు కాదట.
ఫోన్ల వెలుతురుల ఐసు
ముందు మెరిసింది, తర్వాత చెమట పట్టింది.
పిల్లలు బూట్లు విప్పి, పాయింట్లు మడిచి
వైపర్లతోని నీళ్లు తోసుడు మొదలువెట్టిండ్రు.
ఒక్కరు గూడ అబ్బా అనలే.
ఇది వాళ్లకు రోజటి పనే అని
అప్పుడు సమజైంది.

తబిత ఎన్నికైంది, సర్ఫరాజ్ గూడ.
బిష్కెక్ అనే ఊరికి పోయిండ్రు.
యాదగిరి ఫోన్ల చూసి చెప్పిండు:
పదహారు, ఒకటి.
పదహారు మనయా?
కాదన్నా.
మా ఇద్దరికీ చాలాసేపు పని దొరకలే.
ఆ ఒకటి లేహ్ పోరడు కొట్టిండట,
బిళ్ల అందిచ్చింది మాత్రం లాలాగూడ.

జూన్ల మళ్ల అదే తువ్వాల.
బ్లేడుకు నాలుగు నొక్కులు,
మడిమ కాడ బాగా అరిగింది.
"అక్కడి ఐసు రాయి కాకా, కీచుమంటది.
మనది మెత్తగ, తడితడిగ ఉంటది గద,
కాలికి అదే అలవాటు.
మొదటి రోజంతా నవ్వులపాలైనం."
రెండో రోజు?
"రెండో రోజు గూడ" అన్నది,
పన్ను ఒకటి విరిగిన నోటితోని నవ్వుకుంట.

బ్లేడు చెవి దగ్గర పెట్టి మీటిన.
కత్తి చెప్పినట్టు చెప్పలే.
పలుచటి మోత, ఎక్కడికో పోతనే ఉన్నది,
సిటీ బస్సు హారన్ల మునిగేదాక.

ఎంత కాకా అన్నది.
కత్తికి ఇరవై బిడ్డా. దీనికి రెండంచులు, నలభై.
యాభై ఇచ్చింది. చిల్లర లేదు.
యాదగిరి ఇగ నవ్వలే,
సీసా కడిగి, గోలీ నొక్కి అడిగిండు:
"ఐసెయ్యాల్నా చెల్లే?"
"జర ఎక్కువెయ్యి."